కడుపులో మంట – వంటింటి మందు, దాని హద్దు

(సొసైటీ వార్షిక సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగపాఠం)

 

ఆరోగ్యం గురించి కాసేపు మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను కోరారు. నేను డాక్టర్ని కాను, హకీంని అంతకన్నా కాను. ఉర్దూ పాఠాలు చెప్పుకునే మేష్టర్ని. అయినా ఎందుకు ఒప్పుకున్నానంటే, నేను చెప్పబోయే జబ్బుతో నాకు పదేళ్ళుగా సహవాసం వున్నది. ఇంకొక కారణం కూడా వున్నది. అది చివర మనవి చేసుకుంటాను.

ఆ జబ్బును మన ఇళ్ళలో ఒకరు గ్యాస్ అంటారు, ఒకరు పైత్యం అంటారు, ఒకరు అజీర్తి అంటారు. డాక్టర్లు యాసిడ్ రిఫ్లక్స్ అంటారు. ఆయుర్వేదంలో ఆమ్లపిత్తమనీ, యునానీలో హుమూజతె మేదా అనీ దీనికి దగ్గర పేర్లున్నాయి. పేరేదైనా గుర్తులు ఒకటే. తిన్న గంటకో రెండు గంటలకో రొమ్ము ఎముక వెనకాల మంట. పుల్లటి త్రేన్పులు. పడుకుంటే గొంతులోకి చేదునీళ్ళు. కొందరికి మంటే వుండదు. పొడిదగ్గు, పొద్దున్నే గొంతు బొంగురు, అంతే. నా సంగతి అదే. సుద్దముక్క పొడివల్ల గొంతు పాడయిందనుకుని రెండేళ్ళు మిరియాల పాలు తాగాను. చివరకు గొంతు డాక్టరుగారు చూసి, "మేష్టారూ, మీ జబ్బు గొంతులో లేదండీ, రాత్రి పదిన్నరకు మీరు తినే అన్నంలో వుంది" అన్నారు.

అసలు లోపల జరిగేదేమిటి? సముద్రం పక్కన బతికే మనకు ఇది అర్థం కావడం తేలిక. మన మురుగు కాలవలు సముద్రంలోనో గోదావరి పాయలోనో కలిసే చోట స్లూయిజు తలుపులు వుంటాయి. లోపలి నీరు బయటికి పోవాలి, పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు లోపలికి రాకూడదు. తలుపు సరిగ్గా పడలేదా, ఉప్పునీరు ఎగదన్ని చేలల్లోకి వస్తుంది, వరి మాడిపోతుంది. మన అన్నవాహిక వచ్చి జీర్ణాశయంలో కలిసే చోట కూడా అలాంటి తలుపే ఒకటి వున్నది. అది కండరంతో అయిన బిగువు. ముద్ద దిగేటప్పుడు తెరుచుకుంటుంది, దిగిన తరవాత మూసుకుంటుంది.

జీర్ణాశయం రోజుకు సుమారు లీటరున్నర నుంచి రెండు లీటర్ల జీర్ణరసం ఊరుస్తుంది. అందులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం వుంటుంది. మాంసం, పప్పు అరగాలన్నా, తిండితో పాటు వెళ్ళిన సూక్ష్మజీవులు చావాలన్నా అది కావలసిందే. దాని ఘాటుకు తట్టుకునే జిగట పూత జీర్ణాశయం లోపలి గోడకు వున్నది. అన్నవాహికకు అంత కాపు లేదు. అందుకే ఆమ్లం పైకి ఎగదన్నితే అక్కడ మంట. చాలామందికి ఆమ్లం ఎక్కువై కాదండీ ఈ బాధ; వుండవలసిన చోట వుండక పైకి రావడం వల్ల. ఉప్పునీరు సముద్రంలో వుంటే తప్పు లేదు, చేలోకి వస్తేనే తప్పు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే, ఏ మందు పనికొస్తుందో ఏది రాదో మనకే తెలిసిపోతుంది. ఆమ్లాన్ని చంపడం కంటే తలుపు మూసి వుంచుకోవడం ముఖ్యం.

ఆ తలుపును వదులు చేసేవి ఏవి? మొదటిది, పట్టినంత తినడం. రెండవది, తిన్న వెంటనే నడుం వాల్చడం. మూడవది, పొట్ట. కొవ్వు పొట్టయినా, నెలలు నిండుతున్న గర్భిణి పొట్టయినా కింది నుంచి ఒత్తిడి పెడుతుంది. నాడా గట్టిగా బిగించినా అంతే. నాలుగవది బీడీ, సిగరెట్టు, చుట్ట, జర్దా. పొగాకులోని నికోటిన్ ఆ కండరాన్ని సడలిస్తుంది. అయిదవది నూనెలో వేగినవి. అవి జీర్ణాశయంలో ఎక్కువసేపు నిలవ వుంటాయి. టీ, కాఫీ కొందరికి పడతాయి, కొందరికి పడవు. నాకు బడిలో ఇంటర్వెల్లుకు ఒకటి, సాయంత్రం మూడు టీలు వుండేవి. రోజుకు రెండు చేశాను, అదీ పరగడుపున తాగడం మానాను.

ఇక వైద్యం. యునానీలో వైద్యానికి ఒక వరస చెప్తారు. ఇలాజ్ బిత్ తద్బీర్, అంటే నడవడిక సరిచేయడం. ఇలాజ్ బిల్ గిజా, అంటే తిండి సరిచేయడం. ఆ తరవాతనే ఇలాజ్ బిద్ దవా, మందు. ఇబ్నె సీనా (980–1037) నాటి నుంచీ హకీములు తిండికీ నిద్రకూ ఇంత ప్రాధాన్యం ఇస్తే, మనం మందుల షాపు దగ్గర మొదలుపెడుతున్నాం. నేను ఆ పాత వరసలోనే చెప్తాను.

మొదట వేళ. రాత్రి అన్నానికీ పడకకూ మధ్య కనీసం రెండు మూడు గంటలు ఎడం వుండాలి. ఇషా నమాజుకు ముందే తినేస్తే, నమాజుకు నడిచి వెళ్ళి వచ్చేసరికి సగం పని అయిపోతుంది. నా గొంతు బాగుపడింది ఏ కషాయంతోనూ కాదు, ఈ ఒక్క మార్పుతో. కువైట్‌లో, మస్కట్‌లో పనిచేసే మన పిల్లలు రాత్రి పదకొండుకు డ్యూటీ దిగి తిని అలాగే పడుకుంటారు. ఫోనులో డబ్బు సంగతి మాట్లాడేటప్పుడు ఈ సంగతి కూడా ఒక ముక్క చెప్పండి.

తరవాత పరిమాణం. కడుపులో ఒక వంతు తిండికి, ఒక వంతు నీటికి, ఒక వంతు ఊపిరికి వదలమన్న ప్రవక్త బోధ మన మదరసా పిల్లవాడిని అడిగినా చెప్తాడు. దావత్‌లో బిర్యానీ వడ్డిస్తుంటే మాత్రం మనకు గుర్తురాదు. ఇది పుణ్యం కోసమే కాదండీ. నిండిన కడుపులోని గాలి పైకి తన్నినప్పుడల్లా ఆ తలుపు తెరుచుకుంటుంది. పొట్ట వున్నవాళ్ళు నాలుగైదు కిలోలు తగ్గినా మంటలో తేడా తెలుస్తుంది.

మూడవది పడక. మంచానికి తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు ఎత్తు చేయండి. నీరు పల్లమెరుగు అన్నారు. ఆమ్లం కిందనే వుంటుంది. దీని బదులు తలకింద మూడు దిండ్లు పెడితే నడుం దగ్గర మడత పడి, పొట్ట నొక్కుకుని ఇంకా ఎక్కువవుతుంది. ఇటుకలకు ఖర్చు లేదు, గోడ కట్టగా మిగిలినవి చాలు.

ఇక్కడొక సందేహం వస్తుంది. ఎడమ పక్కకు పడుకుంటే ఆమ్లం పైకి రావడం తగ్గుతుందని డాక్టర్లు అంటారు. జీర్ణాశయం ఎడమ వైపుకు వంగి వుండటం వల్ల అలా జరుగుతుంది. మరి కుడి పక్కకు పడుకోవడం సున్నత్ కదా? నేను మా ఇమాంసాబ్‌నే అడిగాను. "దువా చదువుకుని కుడి పక్కకే పడుకోండి, బాధ వస్తే ఎడమకు తిరగండి, జబ్బువాడికి అందులో దోషం లేదు" అన్నారు. మంచం తల ఎత్తుగా వుంటే ఎటు తిరిగినా కొంత మేలే.

ఇప్పుడు రంజాన్ సంగతి. ఉపవాసం వల్ల కడుపు చెడదు. ఉపవాసం విప్పే తీరువల్ల చెడుతుంది. ఇఫ్తార్‌కు ఖర్జూరం, నీళ్ళు, ఒక పండు, వీలైతే పల్చటి గంజి. తరవాత మగ్రిబ్ నమాజు. ఆ తరవాత మామూలు భోజనం. మనం చేసేదేమిటి? అజాన్ వినపడగానే మిరపకాయ బజ్జీలు, సమోసాలు, ఎర్రటి షర్బత్తు, అన్నీ ఒక్క పది నిమిషాల్లో. నిండు కడుపుతో తరావీహ్‌కు నిలబడి సజ్దాకు వంగినప్పుడల్లా గొంతులోకి పులుపు. వంగడం వల్ల కదా, ఏంచేస్తాం అనుకుంటాము. తప్పు వంగడానిది కాదు, బజ్జీలది.

సెహరీ దగ్గర రెండో పొరపాటు. కడుపునిండా తిని, ఫజర్ కాగానే మళ్ళీ ముసుగుతన్నడం. అమ్మలు మూడింటికి లేచి వండి, అందరికీ పెట్టి, చివర గబగబా నాలుగు ముద్దలు మింగి పడుకుంటారు. ఎక్కువ బాధ వాళ్ళకే. ఫజర్ తరవాత కాస్త ఖురాన్ చదువుకుని, వాకిట్లో నాలుగడుగులు వేసి, అప్పుడు కావాలంటే వెనక్కి ఆనుకుని కూర్చుని కునుకు తీయండి. కడుపులో పుండు వున్నవాళ్ళు, రక్తం పడినవాళ్ళు డాక్టరునూ ఆలింనూ అడగకుండా రోజాకు పట్టుబట్టకండి. జబ్బువాడికి మినహాయింపు ఖురాన్‌లోనే వున్నది. బాగయ్యాక తీర్చుకోవచ్చు; ఇక బాగయ్యే జబ్బు కాకపోతే ఫిద్యా వున్నది.

ఇక వంటింటి మందులు. వీటిని ఒక్కొక్కటిగా, వున్నది వున్నట్టుగా చెప్పుకుందాం.

మజ్జిగ: పులవనిది, పల్చటిది, వేయించిన జీలకర్ర పొడి చిటికెడు వేసి మధ్యాహ్నం తాగితే చాలామందికి హాయి. పులిసిన మజ్జిగ తాగి మంట తగ్గలేదంటే లాభం లేదు.

సోంపు, జీలకర్ర: భోజనం తరవాత నోట్లో వేసుకుని మెల్లగా నమిలితే లాలాజలం ఊరుతుంది. లాలాజలానికి ఆమ్లాన్ని విరిచే గుణం వున్నది. మింగినకొద్దీ అన్నవాహిక కడిగినట్టవుతుంది. మన పెద్దలు తాంబూలం పళ్ళెంలో సోంపు పెట్టడం వుత్తినే కాదు. అయితే పక్కనున్న జర్దాను వదిలెయ్యాలి.

అల్లం: చిన్న ముక్క ఉడికించిన నీళ్ళు వికారానికి మంచివి. పరగడుపున పచ్చి అల్లంరసం గరిటెడు తాగితే అదే మంట పెడుతుంది.

చల్లని పాలు: తాగగానే హాయి. కాసేపటికి పాలలోని మాంసకృత్తులు, కాల్షియం వల్ల కడుపు మళ్ళీ ఆమ్లం ఊరుస్తుంది. అర్ధరాత్రి లేచి గ్లాసుడు పాలు తాగే అలవాటు అందుకే తెగదు.

పుదీనా: కడుపుబ్బరానికి మేలే. కాని రొమ్ము మంట వున్నవాళ్ళలో కొందరికి ఆ తలుపును ఇంకా సడలిస్తుంది. పుదీనా తాగితే ఎక్కువయిందని ఎవరైనా అంటే వాళ్ళను నమ్మండి.

కొబ్బరినీళ్ళు: కోనసీమలో పుట్టి వీటిని కాదంటే ఊళ్ళో వుండనివ్వరు. మంచివే, కడుపుకు తేలిక. కాని వీటిలో పొటాషియం ఎక్కువ. మూత్రపిండాల జబ్బు వున్నవాళ్ళు డాక్టరు చెప్పనిదే తాగకూడదు.

తినేసోడా: నీళ్ళలో కలిపి తాగితే క్షణంలో మంట తగ్గేది నిజమే. సోడా ఆమ్లంతో కలిసి ఉప్పు, నీరు, బొగ్గుపులుసు గాలి అవుతుంది. ఆ గాలే పెద్ద త్రేన్పుగా వస్తుంది. ఎప్పుడో ఒకసారి ఆపదకు సరే. రోజూ తాగితే ఒంట్లోకి ఉప్పు పోతుంది. రక్తపోటు, గుండెజబ్బు, కిడ్నీ జబ్బు వున్నవాళ్ళకు అది కీడు. ఇక గోలీసోడాలో వున్నది గాలి మాత్రమే. అది ఆమ్లాన్ని విరవదు, త్రేన్పుతో ఆమ్లాన్ని పైకి తెస్తుంది.

నిమ్మరసం, చింతపండు పులుసు, టమాటా, పచ్చిమిర్చి మంట వున్న రోజుల్లో తగ్గించాలి. పులస పులుసు దొరికే నాలుగు వారాల్లో ఎవరినీ ఆపలేము, నన్ను నేనే ఆపుకోలేను. మధ్యాహ్నం తినండి, రాత్రికి వద్దు.

ఇప్పుడు మాత్రల సంగతి. ఒమెప్రజోల్ అనే మందు 1988లో మార్కెట్టుకు వచ్చింది. పాంటోప్రజోల్ మొదలైనవి దాని తమ్ముళ్ళు. ఆమ్లం తయారీనే తగ్గిస్తాయి, అవసరమైనవాళ్ళకు గొప్ప మందులు. పొద్దున్న తిండికి అరగంట, గంట ముందు వేసుకుంటేనే బాగా పనిచేస్తాయి. మనవాళ్ళు బిర్యానీ తిన్నాక వేసుకుంటారు. కొందరు చీటీ లేకుండా ఏళ్ళ తరబడి మింగుతున్నారు. దీర్ఘకాలం వాడితే కొందరిలో బి12 విటమిన్ తగ్గవచ్చు. అలాగని నా మాట విని రేపు ఒక్కసారిగా మానకండి, ఆమ్లం రెట్టింపు ఊరినట్టు మంట తిరగబడుతుంది. డాక్టరును అడిగి మెల్లగా తగ్గించుకోవాలి.

ఇంకొక మాట. కొబ్బరి దింపు కార్మికులు, చెరువుల మీద పనిచేసేవారు, మూటలు మోసేవారు ఒళ్ళునొప్పులకు డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ లాంటి మాత్రలు పరగడుపున వేసుకుంటున్నారు. కడుపులో పుండు పడటానికి అవి ఒక పెద్ద కారణం. రెండో కారణం ఒక సూక్ష్మజీవి. కారం తింటే, బెంగ పెట్టుకుంటే పుండు పడుతుందని ఒకప్పుడు డాక్టర్లూ నమ్మారు. ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ అనే ఇద్దరు 1982లో హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమిని పట్టుకున్నారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ క్రిములను తానే తాగి చూపించాడు. 2005లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పుండుకు యాంటీబయాటిక్ మందులు కావాలి, ఏ కషాయమూ చాలదు. వున్నదీ లేనిదీ పరీక్షలో తెలుస్తుంది. ఎండోస్కోపీ అంటే మనవాళ్ళకు భయం. కొన్ని నిమిషాల పని అది. ఆ విద్యలో ప్రపంచానికి పాఠాలు చెప్పిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డిగారు మన తెలుగువారే; 2025లో ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చారు.

ముద్ద మింగుడు పడకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గినా, నెత్తురు వాంతయినా, విరేచనం తారులా నల్లగా వచ్చినా, నెత్తురు లేక పాలిపోయినా, నలభై అయిదు, యాభై దాటాక మొదటిసారి ఈ బాధ మొదలయినా వంటిల్లు వదిలి ఆసుపత్రికి వెళ్ళాలి.

చివర చెప్తానన్న కారణం ఇప్పుడు చెప్తాను.

మా చిన్నాన్నకు అప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. చిచ్చా అని పిలిచేవాళ్ళం. షుగరు వుంది. ఒక నికా దావత్‌కు వెళ్ళి వచ్చిన రాత్రి, పన్నెండు దాటాక, గుండెల మీద బండ పెట్టినట్టుంది అన్నారు. చొక్కా తడిసేలా చెమట. ఎడమ దవడ లాగుతోంది అన్నారు. ఇంట్లో పదిమందిమి వున్నాం, పదిమందిమీ వైద్యులమే. ఒకరు సోడా తెచ్చారు. ఒకరు జీలకర్ర కాచారు. వాము నలిపి ఇచ్చిన చెయ్యి నాది. రెండు త్రేన్పులు వచ్చాయి. "త్రేన్పు వచ్చింది, ఇక భయం లేదు చిచ్చా" అన్నది కూడా నేనే. ఆయన కూడా నవ్వి, "నీ కడుపు జబ్బు నాకు అంటింది రా" అన్నారు. తెల్లవారాక చూద్దాంలే అనుకున్నాం. ఫజర్ అజాన్‌కు ముందే ఆయన వెళ్ళిపోయారు.

ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. ఆయుష్షు అల్లా చేతిలో వున్నది, నిజమే. కాని అది గ్యాస్ కాదు, గుండెపోటు అయివుంటుందని తరవాత డాక్టరుగారు చెప్పారు. గుండె రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించే ఇంజెక్షను మొదటి గంటల్లో పడితే ఎందరో బతుకుతున్నారని కూడా చెప్పారు. ఆ మాట నేను ఈనాటికీ మోస్తున్నాను.

కాబట్టి అమ్మలారా, అయ్యలారా, ఇది ఒక్కటి ఇంటికి పట్టుకుని వెళ్ళండి. మంట తిన్నాక వచ్చి, పడుకుంటే ఎక్కువై, లేచి కూర్చుంటే తగ్గితే అది చాలావరకు కడుపుదే. బరువుగా నొక్కినట్టు వుండి, చెమట పట్టి, ఆయాసం వచ్చి, నొప్పి చేతికో దవడకో వీపుకో పాకితే, మెట్లెక్కితే ఎక్కువయితే, అది గుండె అనే అనుకోండి. షుగరు వున్నవాళ్ళకు, ఆడవాళ్ళకు నొప్పి లేకుండా వట్టి నీరసం, వికారంగా కూడా రావచ్చు. త్రేన్పు వచ్చి తేలికపడినా నమ్మకండి. తేడా తెలియకపోతే గుండె అనే అనుకోండి. 108కి ఫోన్ చేయండి, దగ్గరలో ఏ బండి వుంటే అది ఎక్కించండి. ఈసీజీ తీసి గ్యాస్ అని తేలితే నవ్వుకుంటూ తిరిగి రావచ్చు. ఆ నవ్వు ఖరీదు ఒక రాత్రి నిద్ర. మేము నిద్ర చెడగొట్టుకోకూడదనుకున్నాం.

మన సొసైటీ పెద్దలకు ఒక మనవి. ఏడాదికి రెండుసార్లయినా రక్తపోటు, షుగరు పరీక్షల శిబిరం పెట్టించండి. నేను ఇప్పుడు చెప్పిన గుండె గుర్తులను తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో రాయించి మసీదు వరండాలో, వీలైన ప్రతిచోటా అంటించండి. రాసిపెట్టే పని నాది.

వాము డబ్బా మా ఇంట్లో ఇప్పటికీ అదే గూట్లో వున్నది. అజీర్తికి వాడుతూనే వున్నాము. దాని పక్కన గోడ మీద 108 అని మా అమ్మాయి ఎర్రరంగుతో రాసింది.

 అల్లా మనందరికీ ఆరోగ్యాన్ని, సమయానికి మేలుకునే బుద్ధిని ప్రసాదించుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.